రామనగర్‌కి ఏం మోసుకెళ్లారు?

చీరాల–పేరాల ఉద్యమాన్ని నేను 22 ఏళ్లు పాఠంగా చెప్పాను. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. ఏ సంవత్సరం? 1921. నాయకుడెవరు? ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎందుకు? పురపాలక సంఘం పన్నులు మోయలేక. జనం ఊరు వదిలి వెళ్లి ఉన్న చోటు? రామనగర్. ఈ నాలుగూ రాసిన పిల్లవాడికి రెండు మార్కులూ వేసేవాణ్ని. బోర్డు మీద రాయడానికి అయిదు నిమిషాలు, వాళ్లు నోట్సులోకి ఎక్కించుకోవడానికి ఇంకో అయిదు. ఆ తర్వాతి పాఠం పెదనందిపాడు శిస్తు నిరాకరణ, దాని తర్వాత పల్నాడు పుల్లరి సత్యాగ్రహం.

బోర్డు మీద అంతే రాసినా, గోపాలకృష్ణయ్య గారు చిన్నప్పటినుంచీ నాకు ఇంటి మనిషి కిందే లెక్క. మా తాతయ్యది బాపట్ల పక్కన పల్లె. ఆరేళ్ల పిల్లవాడిగా వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని గోపాలకృష్ణయ్య గారి ఉపన్యాసం విన్నాడట. ఏం మాట్లాడారో తాతయ్యకు గుర్తు లేదు, గొంతు మాత్రం గుర్తుంది. "మైకుల్లేని రోజులురా. అంత దూరాన ఎడ్లబండి మీద నిలబడ్డవాడికి కూడా పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉండేది" అనేవాడు. మాటకు మాట తగిలించడం, అప్పటికప్పుడు పద్యం కట్టి సభను నవ్వించడం, కాసేపటికి అదే సభ చేత కన్నీళ్లు పెట్టించడం. మా వైపు ముసలివాళ్లకు ఆయన చమత్కారాలు కథలు కథలుగా వచ్చు. అవి వింటూ పెరిగాను. నాయకుడంటే నా మనసులో ఆ గొంతే.

పెద్దయ్యాక ఆయన గురించి దొరికిందల్లా చదివాను. 1889లో పెనుగంచిప్రోలులో పుట్టారు. పురిట్లోనే తల్లి పోయింది, ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. అయినవాళ్లు పెంచారు. స్నేహితుడు నడింపల్లి నరసింహారావు అండతో స్కాట్లాండ్ వెళ్లి ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివారు. ఆ రోజుల్లోనే ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. 1917లో దాన్ని హార్వర్డ్ విశ్వవిద్యాలయం అచ్చువేసింది. అంత చదువుకుని తిరిగొచ్చి రాజమండ్రిలోనూ బందరు జాతీయ కళాశాలలోనూ కొన్నాళ్లు పాఠాలు చెప్పారు. ఆ ఉద్యోగాల్లో ఆయన నిలవలేదు. చీరాల చేరి రామదండు అని సేవాదళం కట్టారు. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం కూర్చున్నప్పుడు అంత జనాన్ని అదుపులో పెట్టినది ఆ రామదండే. ఈ రోజు విజయవాడలో ఆంధ్రరత్న భవన్ అంటే ఆటోవాడు నేరుగా తీసుకెళ్లి దింపుతాడు. ఆ ఆంధ్రరత్న ఎవరని అడిగితే చెప్పగలిగేవాళ్లు ఇప్పుడు తక్కువ. అది తల్చుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

చీరాలలో జరిగింది ఇదీ. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి ఒక యూనియన్‌గా ఉండేవి. నేత మీద, చిన్న వ్యాపారాల మీద బతికే ఊళ్లు. అన్నీ కలిపి ఏడాదికి దాదాపు 4,000 రూపాయల పన్ను కట్టేవి. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలను కలిపి పురపాలక సంఘం చేసింది. దాంతో పన్ను 40,000కు పెరిగింది. ఒకటికి పది. మాకు ఈ పురపాలక సంఘం వద్దు మహాప్రభో అని జనం అర్జీలు పెట్టుకున్నారు. ఎవరూ వినలేదు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. పన్ను కట్టం అన్నారు. కట్టనివాళ్లను జైల్లో పెట్టారు. అలా జైలుకు వెళ్లినవాళ్లలో రావూరి అలమేలుమంగమ్మ అనే ఆడమనిషి కూడా ఉంది.

బెజవాడ సభలు అయ్యాక ఏప్రిల్ మొదట్లో గాంధీగారు చీరాల వచ్చారు. ఆయన జనం ముందు రెండు దార్లు పెట్టారు. పన్ను కట్టకుండా కూర్చుని వచ్చిన కష్టాన్ని కాచుకోవడం ఒకటి. పురపాలక సంఘం హద్దు దాటి బయటికి వెళ్లిపోవడం రెండోది. హద్దులో మనుషులే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? అయితే కాంగ్రెస్ డబ్బు ఆశించకుండా, మీ కాళ్ల మీద మీరు నిలబడగలమనుకుంటేనే ఈ పనికి దిగండని కూడా చెప్పారు. జనం రెండో దారి పట్టారు. ఎండలు ముదిరే రోజుల్లో 13 వేల మందికి పైగా ఇళ్లకు తాళాలు వేసి, ఊరి బయట తాటాకు పాకలు, పందిళ్లు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. పంచాయతీ వాళ్లదే, తగవులు తీర్చుకోవడం వాళ్లలో వాళ్లే, రాత్రి కాపలా రామదండుది. పదకొండు నెలలు అలా గడిపారు.

ఇదంతా నాకు కంఠస్థం. ఇప్పుడు నేను దీన్ని ఏం చేశానో చెప్పాలి.

2012లో నేను పనిచేస్తున్న ప్రైవేటు డిగ్రీ కళాశాలలో ఏడు నెలలుగా జీతాల్లేవు. లెక్చరర్లం, ల్యాబ్ వాళ్లు, ఆఫీసు వాళ్లు, అటెండర్లు, ఊడ్చే అమ్మలు, అందరం కలిసి 38 మందిమి. జులైలో గేటు ముందు షామియానా వేసుకుని కూర్చున్నాం. నన్ను ముందు పెట్టారు. నాకు మాట్లాడటం వచ్చు, పైగా చరిత్ర మాస్టార్ని. మొదటి రోజే చెప్పాను, ఎవరూ ఎవర్నీ పల్లెత్తు మాట అనకూడదు, గేటు మీద చెయ్యి వేయకూడదు, యాజమాన్యం కారు వస్తే దారి ఇవ్వాలి అని. అందరూ ఒప్పుకున్నారు. చివరి రోజు దాకా ఆ మాట మీదే నిలబడ్డారు కూడా. దానికి నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

పదిహేను, పదహారు రోజులకి జనం పల్చబడటం మొదలైంది. వాన పడితే షామియానా కారేది. ఒకరు ఆరోగ్యం బాగాలేదన్నారు, ఒకరు పొలం పనులన్నారు. ఒక సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాను. ఏం మాట్లాడానో మాట మాటా గుర్తుంది. చీరాల కథ చెప్పాను. ఎండలో, వానలో, తాటాకు పాకల్లో, పిల్లల్ని చంకనేసుకుని 13 వేల మంది పదకొండు నెలలు ఉన్నారు, ఇల్లూ వాకిలీ వదిలేసి వెళ్లారు, మనం జీతం వచ్చేదాకా నాలుగు రోజులు ఓపిక పట్టలేమా అన్నాను. గొంతు పెంచాల్సిన చోట పెంచాను, తగ్గించాల్సిన చోట తగ్గించాను. ఊడ్చే అమ్మ ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. మర్నాడు 38 మందీ వచ్చారు. ఆ రాత్రి పడుకోబోతూ తాతయ్యను తల్చుకున్నాను. ఆయన వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని విన్న గొంతు నాకూ కాస్త అబ్బిందనుకున్నాను.

మా అటెండరు ఒకతను ఉండేవాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. షామియానా కట్టేదీ అతనే, విప్పేదీ అతనే. మధ్యాహ్నం అతని భార్య క్యారేజీ తెచ్చేది. మొదట్లో అన్నం, పప్పు, ఒక వేపుడు ఉండేవి. తర్వాత అన్నం, పచ్చడి. ఆ తర్వాత ఆమె రావడం మానేసింది, అతను ఇంటికెళ్లి తినొస్తాననేవాడు. ముప్పయ్యో రోజు ప్రాంతంలో ఒక మధ్యాహ్నం ఆమె ఏదో కబురు చెప్పడానికి వచ్చింది. "అన్నయ్యగారూ, ఎప్పటికి తేలుతుందండీ?" అని నన్ను అడిగింది. వంగి చెప్పులు విప్పుతుంటే మెళ్లోంచి తాడు బయటికి జారింది. పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టి ఉంది. సూత్రాలు లేవు, నల్లపూసలు లేవు.

నేను చూశాను. చూసి, "తేలుతుందమ్మా, ఇంకెంత, గట్టిగా నిలబడాలి" అన్నాను. పసుపు కొమ్ము ఎప్పుడు కట్టుకుంటారో తెలియని మనిషిని కాను. మా అమ్మ కూడా ఒకసారి కట్టుకుంది, మా చెల్లెలి ఆపరేషన్‌కి. అయినా నేను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. నా చేతిలో అప్పుడు చేయడానికి ఏమీ లేదనుకున్నాను. మా ఆవిడ సర్కారు బడిలో టీచరు. ఆ 43 రోజులూ మా ఇంట్లో కాఫీ పొడి మారలేదు, పాలవాడికి బాకీ పడలేదు.

43వ రోజు రాత్రి యాజమాన్యం కబురు పెట్టింది. నేను, ఇంకో ఇద్దరు లెక్చరర్లు వెళ్లాం. లెక్చరర్లకు నాలుగు నెలల బకాయి వెంటనే, మిగతాది విడతలుగా. అందరూ మర్నాడే పనిలోకి రావాలి, ఒక్క నలుగురు తప్ప. ఆ నలుగురు రోజుకూలీ పద్ధతి మీద ఉన్నవాళ్లనీ, వాళ్ల సంగతి తర్వాత చూద్దామనీ అన్నారు. ఆ నలుగురిలో మా అటెండరు ఒకడు. రాత్రి పదకొండున్నర అయింది. నాతో వచ్చిన ఇద్దరూ నా ముఖం చూశారు. నేను సంతకం పెట్టాను. తర్వాత అంటే తర్వాత పోరాడదాంలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత అనేది రానే లేదు. అతను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోసే పనికి కుదిరాడని విన్నాను. నేను అతని ఇంటి వైపు పోలేదు. ఆ వీధి తప్పించి చుట్టు తిరిగి వెళ్లడం కూడా అలవాటైంది.

పదేళ్లు గడిచాయి. నేను ఉద్యోగం మానేశాను. చీరాల–పేరాలకు నూరేళ్లు నిండిన సందర్భంలో మిత్రులు ఒక చిన్న సంచిక వేద్దామన్నారు. మీకు బాగా తెలిసిన విషయం కదా, పది పేజీలు రాయండి అన్నారు. ఇంట్లో కూర్చునే రాసేయగలను. కానీ ఎందుకో ఒకసారి ఊళ్లో తిరిగి రాయాలనిపించింది. రైల్లో చీరాల దిగి, పేరాల వైపు నడుచుకుంటూ వెళ్లాను.

ఒక పాత పెంకుటింటి ముందు, గడప లోపలి నుంచి మగ్గం చప్పుడు వినపడింది. ఇప్పుడు ఆ వీధుల్లో కూడా ఆ చప్పుడు తగ్గిపోయింది. తొంగి చూస్తే డెబ్బయ్యేళ్ల పెద్దాయన గుంట మగ్గం మీద కూర్చుని ఉన్నాడు. రమ్మన్నాడు. ఎందుకొచ్చానో చెప్పాను. ఒకప్పుడు ఇక్కడి తేలియా రుమాళ్లు అరబ్బు దేశాల దాకా పోయేవనీ, తాము మాత్రం ఇప్పుడు చీరలే నేస్తున్నామనీ చెప్పాడు. మాటల్లో నేను చీరాల వలస సంగతి ఎత్తి, నా దగ్గరున్న అంకెలన్నీ చెప్పాను. ఆయన నాడె ఆపి, శ్రద్ధగా విన్నాడు. విని, ఒక్కటే అడిగాడు.

"మరి మగ్గాలెట్లా మోశారంట బాబూ?"

నాకు తెలియదన్నాను. నేను చదివిన ఏ పుస్తకంలోనూ అది గుర్తు లేదు. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టను కూడా తట్టలేదు.

ఆయన కాళ్లు పైకి తీసి, పక్కకు జరిగి, గుంట చూపించాడు. నేలలో నడుము లోతు గుంట. అందులో కాళ్లు పెట్టుకుని తొక్కుడు కర్రలు తొక్కుతూ నేయాలి. మగ్గం నాలుగు మూలలా నేలలో పాతిన గుంజలు. "ఇది మంచం కాదు ఎత్తుకుపోటానికి" అన్నాడు. "గుంజలు పీకాల. గుంట వదిలేసి పోవాల. పోయిన చోట మళ్లీ తవ్వాల. మాది ఇసక నేల. తవ్విన గోడ తవ్వినట్టు ఉండదు, జారిపోద్ది. ఇటుకో, బండో కట్టుకోవాల. అది పూరిపాకలో అయ్యే పనేనా? సరే, చేశారనుకో. వాన పడితే? మాకు కార్తీకంలో వానలు. గుంట నిండా నీళ్లే. నీళ్లు నిండిన గుంటలో కాళ్లు పెట్టి ఎవరు నేస్తారు?"

ఆగి, మగ్గం మీదున్న పడుగును అరచేత్తో నిమిరాడు. "ఇంకోటి. ఊరు వదిలిపోయే రోజున మగ్గం మీద ఏదో ఒకటి ఉండనే ఉంటది గదా. సగం నేసింది. దాన్ని కోసేశారో, అట్టాగే వదిలేశారో. కోస్తే ఆ నూలు పనికిరాదు. నూలు షావుకారిది. బాకీ నేసేవాడిది." పడుగు సాగదీసి గంజి పెట్టాలంటే పొడుగాటి వీధి కావాలనీ, తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ పట్టుకోవాలనీ, పాకల మధ్య అంత జాగా ఎక్కడుంటుందనీ కూడా అన్నాడు. ఆయన ఎవరినీ తప్పు పట్టడం లేదు. తన పనికి సంబంధించి తనకు తోచిన సందేహాలు అడుగుతున్నాడంతే. నేను మాత్రం ఆ గుంట గట్టు మీద కూర్చుండిపోయాను.

13 వేల మంది అని నేను 22 ఏళ్లు బోర్డు మీద రాశాను. ఆ అంకెలో ఒక్క గుంట కూడా నాకు కనపడలేదు. ఆ అంకెను తీసుకుపోయి, ఇంట్లో బియ్యం నిండుకున్నవాళ్ల ముందు పెట్టి, వాళ్లు చేసింది మీరెందుకు చేయలేరని అడిగాను.

రైల్లో తిరిగొస్తుంటే నా బుర్రలో ఒకటే తిరిగింది. కత్తి పట్టుకుని చేసే పోరాటంలో దెబ్బ ఎదుటివాడికి తగలాలని చూస్తాం. అహింసలో దెబ్బ మనవాడికే తగులుతుంది. పన్ను వేసినవాళ్ల ఇంట్లో చీరాల వల్ల పొయ్యి ఆరలేదు. పొయ్యి ఆరింది రామనగర్‌లో. మా కళాశాల యాజమాన్యానికి 43 రోజుల్లో ఒక్క పూట కూడా భోజనం తప్పలేదు, తప్పింది మా అటెండరింట్లో. అహింస ఆయుధం అని ఎన్నోసార్లు చెప్పాను. ఆ ఆయుధం ఎవరి ఒంటి మీద నుంచి వెళ్లి అవతలివాడి మనసుకు తగలాలో చెప్పలేదు, నాకే తెలియదు కాబట్టి. ఎవర్నీ కొట్టొద్దని చెబితే నా పని అయిపోయిందనుకున్నాను. దెబ్బలన్నీ మనవాళ్లకే తగిలే యుద్ధంలో ముందు నిలబడ్డవాడు మనవాళ్ల ఒళ్లు రోజూ తడిమి చూసుకోవాలి. ఎవరి మెళ్లో ఏముందో, ఎవరి క్యారేజీలో ఏం తగ్గిందో చూడాలి.

ఇంటికొచ్చాక గోపాలకృష్ణయ్య గారి గురించి పాత పుస్తకాలన్నీ మళ్లీ తీశాను. ఈసారి గొంతు కోసం వెతకలేదు. పదకొండు నెలలు జనాన్ని పాకల్లో ఉంచినందుకు ఆ రోజుల్లో ఆయన్ని విమర్శించినవాళ్లు ఉన్నారు. ఆ విమర్శను కొట్టిపారేయడం నాకిష్టం లేదు. ఆయనకు మగ్గం లేదు. ఎడింబరో చదువు చదివినవాడు తల్చుకుంటే ఎక్కడైనా బతకగలడు, నేతగాడు అలా కాదు. ఈ తేడా ఆయనకు తెలియకుండా ఉంటుందా? తెలుసుననే నా నమ్మకం. ఆ నమ్మకానికి కారణం ఆ తర్వాత ఆయన నడిచిన తీరు. రామనగర్ ఖర్చులకు చందాల కోసం ఊరూరా తిరిగారు. పాకల్లో ఉన్నవాళ్ల తిండి తన బాధ్యత అనుకున్న మనిషి చేసే పని అది. 1921 సెప్టెంబరు చివర్లో బరంపురంలో, ప్రసంగించకూడదన్న ఉత్తర్వును కాదని మాట్లాడినందుకు పట్టుకున్నారు. ఏడాది శిక్ష వేసి తిరుచినాపల్లి జైలుకు పంపారు. ఆయన లేని రామనగర్ ఇంకొన్ని నెలలు నిలిచింది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తర్వాత గాంధీగారు దేశమంతటా ఉద్యమం ఆపేశారు. పెదనందిపాడు వైపు శిస్తు కట్టకుండా జప్తులు ఓర్చుకున్న రైతులు కూడా అప్పుడు ఆగిపోవాల్సి వచ్చింది. చీరాల జనం మెల్లగా తాళాలు తీసుకుని ఇళ్లలోకి వెళ్లారు. పురపాలక సంఘం ఎక్కడికీ పోలేదు.

పాఠంలో ఈ చివరి ముక్క నేను ఎప్పుడూ గబగబా చెప్పేసేవాణ్ని. పిల్లలు "అయితే ఓడిపోయారా సార్?" అని అడుగుతారని భయం. ఇప్పుడు నాకు ఆ ముక్కే ముఖ్యమనిపిస్తుంది. జైలు నుంచి వచ్చాక గోపాలకృష్ణయ్య గారు వెనక్కి చూసుకుని పెద్ద ఉద్యోగం వెతుక్కోలేదు. పల్లెల్లో కళలు, చదువులు, గోష్ఠులు అంటూ తిరిగారు. చేతిలో డబ్బు లేదు. క్షయ పట్టుకుంది. 1928 జూన్ 10న పోయారు. 39 ఏళ్లు నిండి ఎనిమిది రోజులు. జనం చేత ఏం వదిలించారో అంతకు తక్కువ కాకుండా ఆయనా వదిలేసుకున్నారు. ఎవరికీ ఇవ్వనక్కర్లేని లెక్క అది. ఆయన ఇచ్చి వెళ్లారని నేను అనుకుంటాను. నేను ఆయన దగ్గర గొంతు తీసుకున్నాను, లెక్క వదిలేశాను.

సంచికకు పది పేజీలు రాయలేకపోయాను. మగ్గం గుంట గురించి రెండు పేజీలు రాసిచ్చాను.

ఆ తర్వాతి ఆదివారం అటెండరు ఇంటికి వెళ్లాను. పదేళ్లు తప్పించుకు తిరిగిన వీధి. ఇంటి ముందు నిలబడితే కాళ్లు లోపలికి పడలేదు. ఆమె చూసి, "అన్నయ్యగారా! రండి రండి" అని కుర్చీ తుడిచి వేసింది. అతను లోపలి నుంచి తుండు భుజాన వేసుకుంటూ వచ్చాడు. మెడ వెనక, భుజం మీద బస్తాలు మోసిన కాయ. మిర్చి ఘాటుకు దగ్గు పట్టుకుందని, ఇప్పుడు వాచ్‌మన్ పనికి మారానని చెప్పాడు. పిల్లవాడు డిప్లొమా అయిపోయి హైదరాబాదులో ఉన్నాడట.

నేను చెప్పాలనుకున్నది చెప్పాను. ఆ రాత్రి సంతకం ముందు మిమ్మల్ని పిలిచి అడగలేదు, అది నా తప్పు అన్నాను. ఆ రోజు మీ ఆవిడ మెళ్లో పసుపు కొమ్ము చూశాను, చూసి కూడా అడగలేదు అన్నాను. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చెయ్యి తనకు తెలియకుండానే మెడ దగ్గరికి పోయింది. "మూడేళ్లకు విడిపించాంలెండి" అంది. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కోపం లేదని అనలేదు. ఉందని కూడా అనలేదు. టీ తాగాక, "ఆ నలుగుర్లో ఒకతను పోయాడు మాస్టారూ, కరోనాలో" అన్నాడు. అతని పేరు చెప్పాడు. నాకు ఆ ముఖం గుర్తొచ్చింది, పేరు మాత్రం అప్పుడే తెలిసింది.

లేవబోతుంటే అతనే మాట ఎత్తాడు. అప్పట్లో మా అందరి జీతాల్లోంచి పట్టుకున్న పీఎఫ్ డబ్బు చాలామందికి ఇంతవరకూ జమకాలేదు. ఊడ్చే అమ్మలు, అతను, ఇంకా ఏడెనిమిది మంది కలిసి ఆఫీసు ముందు కూర్చుందామనుకుంటున్నారట. "మీరూ వస్తారా?" అన్నాడు. వస్తానన్నాను. ముందు మాట్లాడటానికి వేరే ఎవరినన్నా పెట్టుకోండి, నేను వెనక కూర్చుంటానన్నాను.

"మాట్లాడేది ఎవరైనా మాట్లాడొచ్చు మాస్టారూ" అన్నాడతను. "ఈసారి ముందు లెక్క రాసుకుందాం. ఎవరింట్లో ఎన్నాళ్లకు బియ్యం ఉన్నాయో, ఎవరికి మందులు కావాలో, ఎవరు ఎన్ని రోజులు కూర్చోగలరో. కూర్చోలేనోళ్లకి మిగతావాళ్లం ఎట్లా సర్దుతామో. అది తేలినాక కూర్చుందాం."

ఆమె లోపలికి వెళ్లి, పిల్లవాడి పాత నోట్‌బుక్కు, పెన్ను తెచ్చి నా చేతికిచ్చింది. ఒక తెల్ల పేజీ తీసి నిలువుగా మూడు గీతలు గీశాను. పేరు, ఇంట్లో ఎంతమంది, బియ్యం, మందులు. మొదటి వరసలో నా పేరు రాశాను. ఎంతమంది అన్న చోట ముగ్గురు అని రాశాను. బియ్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. మా ఇంట్లో బియ్యం ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చూసుకోలేదు. ఫోన్ తీసి మా ఆవిడకు చేశాను.

"ఇప్పుడెందుకండీ?" అంది. చెప్పు, రాసుకోవాలి అన్నాను. ఆమె ఫోన్ పట్టుకునే వంటింట్లోకి నడిచింది. డబ్బా మూత తీసిన చప్పుడు వినపడింది.